తప్పొప్పుల పట్టిక

నల్లగొండ గ్రంథాలయంల, ఆదివారం పూట
నలభై కుర్చీలేస్తే ఇరవై మూడు నిండినై.
మైకు రెండుసార్లు కీసుమని ఊకున్నంక
హాస్టల్ పిల్ల ఒకతె లేచింది, రమావత్ శిరీష,
నా నవల నడుమ బస్సు టికెట్టు గుర్తు పెట్టుకొని:
"సార్, రెండొందల పన్నెండో పేజీల
తమ్ముడు అన్నను
గంత జల్ది ఎట్ల మాఫీ చేసిండు?"

జవాబు నా దగ్గర ఇస్త్రీ చేసి ఉంటది.
ఒక్క కడుపుల పండినోళ్లు
ఎంత దూరమని పోతరన్న.
కథంటే పగిలిన కుండకు పెట్టే లక్క అన్న.
చప్పట్లు కొట్టిన్రు.
ఆ పిల్ల కొట్టలే.
టికెట్టును మళ్ల అదే పేజీల పెట్టి కూసున్నది.

చెప్పంది ఇదీ.
గుర్రంపోడు అవతల మాయి బత్తాయి తోటలు,
నడుమ జానెడు గెట్టు.
బోరు నా దిక్కు పడ్డది, నీళ్లు ఇద్దరియి.
బోరు ఖర్చుల సగం మట్టయ్య ఇయ్యలేదని
మే నెల ఒకనాడు స్టార్టర్ డబ్బకు తాళమేసి
చెవి జేబుల పెట్టుకొని
హైదరాబాద్ బస్సెక్కిన.
పదకొండు రోజులు.
అంగీలు మారినై, అది జేబులు మారింది.
చిల్లర కోసం చెయ్యి పెడితే
ముందు అదే తగిలేది.

ఐదేండ్ల చెట్లు. తొలి కాపు.
రాయితోని ఒక్క దెబ్బ కొడితే ఊడే తాళం.
కొట్టమని ఊరంత చెప్పిందట.
"అన్న ఏసిన తాళం" అన్నడట మట్టయ్య,
బిందెలతోని మోసి పోసిండట
మోసినన్ని.

నవలల నేను వాన కురిపించిన.
తడుసుకుంట తమ్మున్ని ఉరికిచ్చిన,
అన్న భుజం మీద తల పెట్టిచ్చి
"అయిపోయిందేదో అయిపోయింది" అనిపిచ్చిన.
ఆ పేజీ కాడ ఏడ్చినమని ఎంతమందో ఉత్తరాలు రాసిన్రు.
మట్టయ్య రాయలే. నాలుగు దాకనే చదివిండు.

ఆ పొద్దుమూకి సభ నుంచి సీదా ఊరికి పోయిన.
మరదలు సైదమ్మ రోజుకిన్ని పేజీలు చదివి వినిపిస్తున్నదట,
రెండొందల పన్నెండు కాడ
ఆపుమన్నడట.
మంచం మీద కూసొని, నా దిక్కు చూడకుంట, అన్నడు:
"నా నోటి మాట నువ్వెట్ల రాసుకున్నవే?
బ్యాంకోడు సుత మాఫీ అంటే
ముందుగాల బాకీ ఎంతో లెక్క తీస్తడు.
పన్నెండు చెట్లు ఎండినయని రాసినవ్.
పందొమ్మిది.
గెట్టు పొంటి ఏడు,
బోరు దిక్కు నాలుగు,
నడిమిట్ల ఎనిమిది."

అవును. తెలుసు.
పన్నెండు వాక్యంల ఒదుగుతది,
పందొమ్మిది పండ్లకు తగులుతది.
అందుకే మార్చిన.
ఏడు చెట్లను నేను రెండోసారి ఎండబెట్టిన,
ఈసారి చెవితోని కాదు, చెవికి ఇంపుగ ఉండాలని.

సైదమ్మ జొన్నరొట్టె పెట్టింది, పచ్చిపులుసు పోసింది.
ఎవ్వరం ఏం మాట్లాడలే.
ఉల్లిగడ్డ నమిలిన చప్పుడు కూడ
పెద్దగ వినవడ్డది.

నాలుగ్గొట్టంగ, దుప్పటి లోపల్నుంచి,
"మెలకువొస్తే మోటరెయ్యి" అన్నడు.
నాతోనేనా, సైదమ్మతోనా,
అడగలే. లేచి పోయిన.

స్టార్టర్ డబ్బకు తాళం లేదు.
తాళం వేలాడిన కొండి మాత్రం ఉన్నది,
దాని చుట్టు తుప్పు గుండ్రంగ.
పచ్చ బటన్ మీద బొటనవేలు పెట్టి
శానసేపు నిలబడ్డ.

రెండో ముద్రణకు అచ్చాఫీసోళ్లు అడిగిన పట్టిక
జేబుల ఉన్నది. రాసింది ఇంతే:
నూట నలభయ్యో పేజీల పన్నెండు అన్నకాడ
పందొమ్మిది అని చదువుకోవాలె.
రెండొందల పన్నెండు, తమ్ముని మాట, కొట్టేయాలె.
ఆ జాగల ఏముండాల్నో
శిరీషా, నాకు తెల్వదు.

బటన్ నొక్కిన.
మోటరు గుర్రుమన్నది.
పైపు ముందుగాల దగ్గింది,
ఉత్త గాలి,
మళ్ల దగ్గింది.